సైలెన్సర్ గాలిని డిఫ్యూజర్ కిందకి తిప్పితే మా కాలేజీ కారుకి గ్రిప్ పెరుగుతుందా?

కోటజంక్షన్_గేర్లు:
అన్నలకి నమస్తే. విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ, మెకానికల్ థర్డ్ ఇయర్. ఫార్ములా భారత్ (కాలేజీ టీంలు సొంతంగా రేసు కారు కట్టే పోటీ) కోసం కారు కడుతున్నాం, ఇంజన్ డ్యూక్ 390 బైక్‌ది, 373 సీసీ. వెనక ఫైబర్‌తో డిఫ్యూజర్ వేస్తున్నాం, అంటే కారు అడుగున వెనక్కి పోయేకొద్దీ పైకి లేచే పలక, కింద పీడనం తగ్గించి కారుని నేలకి లాగుతుంది. మా టీంలో ఒకడు 2011 రెడ్‌బుల్ ఫార్ములా 1 (ఎఫ్1) కారు గురించి చదివి, ఎగ్జాస్ట్ పైపుని కూడా డిఫ్యూజర్ పక్కకే వదిలేద్దామని పట్టుబట్టాడు. మా సార్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నారు. విండ్ టన్నెల్ మాకు ఎక్కడిది, లాప్‌టాప్‌లో సీఎఫ్‌డీ (కంప్యూటర్‌లో గాలి ప్రవాహం లెక్క) పెడితే వేడి గాలి కలపగానే లెక్క తేలకుండా తిరుగుతూనే ఉంది. అసలు ఎఫ్1లో అది ఎలా పనిచేసింది, మాకు పనికొస్తుందా? పైప్ బెండింగ్‌కి డబ్బులిచ్చే లోపు తేల్చుకోవాలి.

పాత_ఎఫ్1_పిచ్చి:
ముందు ఒక అపోహ తీసేయండి, పొగ కారుని కిందకి తోసేయదు, అది చేసేది అంచు మూయడం. డిఫ్యూజర్ కింద పీడనం తక్కువ, పక్కనేమో వెనక టైరు తిరుగుతూ నేలకి నొక్కుకునే చోట గాలిని పక్కకి చిమ్ముతుంది, ఆ చెత్త గాలి డిఫ్యూజర్ అంచులోంచి లోపలికి దూరి చూషణ పాడుచేస్తుంది. అక్కడ వేగంగా వెళ్లే ఎగ్జాస్ట్ వదిలితే, తలుపు కింద సందులో గుడ్డ దూర్చినట్టు, బయటి గాలి లోపలికి రాదు. అప్పుడు కారు వెనక భాగం నేల నుంచి ఇంకొంచెం ఎత్తులో ఉన్నా డిఫ్యూజర్ పనిచేస్తుంది, ముందుకి వంచి నడపొచ్చు, రెడ్‌బుల్‌కి అసలు లాభం అక్కడే వచ్చింది.

ఇది కొత్తది కూడా కాదు, రెనో వాళ్లు 1983లోనే ఆర్ఈ40 మీద చేశారు. తర్వాత చాలామంది వాడారు కానీ ఒక తిరకాసు ఉంది. డ్రైవర్ కాలు తీస్తే గాలి తగ్గిపోతుంది, గ్రిప్ కావాల్సిందేమో సరిగ్గా మలుపులోకి దిగేటప్పుడు. 90ల చివర నుంచి పైపులు ఒక్కొక్కటిగా పైకి పోయాయి. 2010లో రెడ్‌బుల్ డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ వాళ్ల ఆర్‌బీ6 కారు మీద మళ్లీ తెచ్చాడు, 2011కి ఇంజన్ మ్యాపులతో (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులతో) ఆ తిరకాసు కూడా దాటేశారు. కాలు తీసినా థ్రాటిల్ తెరిచే ఉంచితే ఇంధనం లేకుండా గాలి మాత్రం పోతుంది, అది కోల్డ్ బ్లోయింగ్. స్పార్క్ ఆలస్యం చేసి కొంచెం పెట్రోలు కూడా పంపితే ఎగ్జాస్ట్‌లోనే మండి ఇంకా గట్టిగా తన్నుకొస్తుంది, అది హాట్ బ్లోయింగ్. మలుపుల్లో ఆ కార్లు గొరగొరమని వింత శబ్దం చేసేవి, పాత వీడియోలు వినండి. ఆ ఏడాది సిల్వర్‌స్టోన్ రేసులో దాన్ని కట్టడి చేశారు, ఫెరారీ డ్రైవర్ అలోన్సో గెలిచాడు, తర్వాతి రేసుకే కట్టడి ఎత్తేశారు! 19 రేసుల్లో 18 పోల్స్ (మొదటి స్థానం నుంచి స్టార్ట్) రెడ్‌బుల్‌వే. 2012కి పైపు చివర ఎక్కడ ఉండాలో రూల్‌తో బిగించారు, అయినా బాడీ వంపు మీదుగా గాలిని జారవిడిచి కొన్నాళ్లు లాగారు. 2014లో టర్బోలు వచ్చి, మధ్యలో ఒకటే పైపు ఉండాలన్నాక కథ అయిపోయింది.

లెక్కల_మాస్టారు_చీపురుపల్లి:
బాబూ, సీఎఫ్‌డీ పక్కన పెట్టి కాగితం తీయండి. 373 సీసీ ఫోర్ స్ట్రోక్ 9000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 75 సార్లు గాలి పీలుస్తుంది, అంటే మహా అయితే 28 లీటర్లు, సుమారు 34 గ్రాములు. 600 డిగ్రీల్లో బయటికొస్తే దాదాపు మూడు రెట్లు ఉబ్బుతుంది, 40 ఎంఎం పైపులో వేగం సెకనుకి 65, 70 మీటర్లు. దాని తోపు ఎంతా అంటే రెండు న్యూటన్ల చిల్లర, పావు కిలో బరువు కూడా లేదు. అదీ ఫుల్ థ్రాటిల్‌లో. ఎఫ్1 పాత 2.4 లీటర్ల వీ8 18000 దగ్గర ఇదే లెక్కన సెకనుకి 430 గ్రాములు.

మీది సింగిల్ సిలిండర్, గాలి ధారగా రాదు, కొట్టుకుంటూ వస్తుంది, అంచు మూయాలంటే అది సరిపోదు. పైగా మీ ట్రాక్ మలుపుల్లో వేగం గంటకి 40, 50 కిలోమీటర్లు దాటదు. డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి నొక్కే బలం) వేగం వర్గంతో పెరుగుతుంది కదా, 240లో వచ్చేదానికి 40లో వచ్చేది 36వ వంతు. లెక్క ఇక్కడే తేలిపోయింది.

ఎగ్జాస్ట్_వద్దు_వింగ్_ముద్దు:
మాస్టారూ, లెక్క కాదనను కానీ పోటీలో డిజైన్ ఈవెంట్‌కి (కారు డిజైన్ గురించి జడ్జిలకి వివరించేది) 150 పాయింట్లు ఉన్నాయి. "ఆలోచించాం, కొలిచాం, వద్దనుకున్నాం" అని ఆధారం చూపిస్తే జడ్జి వింటాడు. "రెడ్‌బుల్‌లా చేశాం" అంటే మాత్రం మొదటి ప్రశ్నకే టెన్షన్ మొదలవుతుంది. పైపు మామూలుగానే వదిలేసి డిఫ్యూజర్ లోపల ఊలు దారం ముక్కలు టేపుతో అతికించి, గోప్రో కట్టి గ్రౌండ్‌లో తిప్పండి. దారాలు ఎక్కడ వెనక్కి తిరుగుతున్నాయో కనిపిస్తుంది. పక్క అంచుకి ఫైబర్ పలక ఒకటి దించి మళ్లీ తిప్పండి, రూల్‌బుక్ ఒప్పుకున్నంత కిందకి. అంచు మూసే పని దానితోనే కొంత అయిపోతుంది, ఖర్చు దాదాపు లేదు.

ఏడురోడ్ల_మెకానిక్:
శ్రీకాకుళం నుంచి నేనొక మాట. ఏటి బాబూ, ఆ ఫైబర్‌ని ఓవెన్‌లో పెట్టారా, నీడలో ఆరబెట్టారా? మామూలు గది వేడికి ఆరిన రెసిన్ 100 డిగ్రీలు రాకముందే మెత్తబడిపోతుంది, దాని పక్కన ఎగ్జాస్ట్ అంటే ఇంకేముంది, వంకర తిరుగుతుంది. రెనో వాళ్లు 2011లో పైపులు ముందుకి తిప్పుకున్నారు, హంగరీలో వాళ్ల డ్రైవర్ హైడ్‌ఫెల్డ్ కారు అంటుకుంది, వాళ్లకే తప్పలేదు.

బెండ్లు ఎక్కువైతే డ్యూక్ లాగుడు కూడా తగ్గుతుంది. పైపు చివర వెనక యాక్సిల్ నుంచి 45 సెంటీమీటర్లు దాటకూడదు, నేల నుంచి 60 కంటే పైన ఉండకూడదు అని మీ రూల్ ఉంటుంది, అది చూసి పక్కనుంచి తిన్నగా తీయండి. డిఫ్యూజర్‌కి దగ్గరగా వస్తే మధ్యలో అల్యూమినియం రేకు పెట్టి రెండిటి మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంచండి.

కోటజంక్షన్_గేర్లు:
థాంక్స్ అన్నలూ. మాస్టారి లెక్క గ్రూప్‌లో పెడితే మావాడు ఇంకా ఫుల్ థ్రాటిల్ అంటున్నాడు, స్కిడ్‌పాడ్‌లో (గుండ్రంగా తిప్పే పరీక్షలో) ఫుల్ థ్రాటిల్ ఎవడు తొక్కుతాడని డ్రైవరే తిట్టాడు. మెకానిక్ అన్నా, ఫైబర్ నీడలోనే ఆరబెట్టాం. సైలెన్సర్ హ్యాంగర్‌కి రబ్బరు బుష్ పెట్టాలా, స్ప్రింగ్ సరిపోతుందా?

ఏడురోడ్ల_మెకానిక్:
హెడ్డర్ (ఇంజన్ నుంచి వచ్చే మొదటి పైపు) జాయింట్ దగ్గర స్ప్రింగ్, వెనక హ్యాంగర్‌కి రబ్బరు. రెండూ బిగుసుగా పెడితే సింగిల్ సిలిండర్ వణుకుడికి వెల్డింగ్ దగ్గరే పగులుతుంది.