ఘటన జరిగాక మా చెల్లె మనిషి మనిషిలా లేదు, పక్కన ఎలా ఉండాలి?

కాజీపేట_అక్క:
మా చిన్నమ్మ బిడ్డ, హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. తెలిసినవాడే అఘాయిత్యం చేశాడు. కేసు నడుస్తోంది. ఇంటి ముందు బండి ఆగితే చాలు, ఉలిక్కిపడి లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. రాత్రి నిద్ర లేదు. బతుకమ్మ అంటే ప్రాణం పెట్టే పిల్ల, ఈసారి గడప దాటలేదు. చిన్నమ్మేమో "అయిందేదో అయింది, మర్చిపో బిడ్డా" అంటోంది. నేనేం మాట్లాడాలి?

పేరొద్దు:
నేనూ ఆ బాధ పడ్డదాన్నే అక్కా. "మర్చిపో" అన్నప్పుడల్లా తప్పు నాదేనేమో అనిపించేది. అంతకన్నా గుచ్చుకునేది "అరవలేదెందుకు?" అన్న మాట. భయానికి ఒళ్లు కొయ్యబారుతుంది, గొంతు పెగలదు. అది ఒప్పుకోవడం కాదు. నన్ను నిలబెట్టింది మా వదిన. వివరాలేవీ అడగలేదు. లైటు వేసే ఉంచి నా పక్కన పడుకునేది. "అన్నం ఇప్పుడు తింటవా, కాసేపాగి తింటవా?" అని నన్నే అడిగేది. వినడానికి చిన్న మాటే. నా ఇష్టానికి విలువే లేదనిపించిన రోజుల్లో ఆ పాటి నిర్ణయం నా చేతిలో ఉండటం ఎంత ఊరటో చెప్పలేను.

భూపాలపల్లి_టీచర్:
మా బంధువుల్లో ఒకరు సంబంధాలు రావని భయపడి అమ్మాయిని వేరే ఊరికి పంపేశారు. స్నేహితులు కూడా దూరమై ఇంకా కుంగిపోయింది. ఆ పని మాత్రం చేయకండి. పేరు బయటికొస్తుందని చిన్నమ్మ భయపడుతుంటే, బాధితురాలి పేరు బయటపెట్టినవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు అని ఆమెకు చెప్పండి.

సఖి_కౌన్సెలర్:
మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గర్లోని సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు అండగా ఉండే ప్రభుత్వ కేంద్రం) వివరాలు చెప్తారు. కౌన్సెలింగ్, న్యాయ సలహా ఉచితం. చిన్నమ్మనూ తీసుకెళ్లండి, తల్లికీ ఆసరా కావాలి. రాత్రిళ్లు మరీ కష్టంగా ఉంటే మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు. ఉలికిపాటు, పీడకలలు నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. అది పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసును వదలని భయం జబ్బు కావచ్చు, వైద్యంతో తగ్గుతుంది. చచ్చిపోవాలని ఉందంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాజీపేట_అక్క:
ఇదంతా చిన్నమ్మకు చదివి వినిపించా. చాలాసేపు ఏడ్చి, 181కి తనే ఫోన్ చేసింది. కోర్టులో వాడి ముందు నిలబడాలని చెల్లెకు ఒకటే టెన్షన్.

సఖి_కౌన్సెలర్:
అత్యాచారం కేసుల్లో విచారణ తలుపులు మూసే జరుగుతుంది, బయటివాళ్లను రానివ్వరు. వాడు కనబడకుండా తెర గానీ, వేరే గది గానీ ఏర్పాటు చేయమని పీపీ గారిని (మన తరఫున వాదించే ప్రభుత్వ వకీలు) వాయిదాకు ముందే కలిసి అడగండి. ఆ రోజు వెంట ఎవరు రావాలో చెల్లెనే చెప్పనివ్వండి.