నెబ్యులా రంగుల ప్రింట్లు: నలుపు బూడిదగా, నీలం చారలుగా వస్తోంది

లాసన్స్‌బే_నీలం:
నెబ్యులాల (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాల) వెలుగు ఆధారంగా గీసిన నైరూప్య చిత్రాలు. సైజు 12×18 అంగుళాలు, డిజిటల్ ప్రెస్సులో 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) ఆర్ట్ కార్డు మీద వేయించినవి. తెర మీది నెమలికంఠం రంగు కాగితం మీద చప్పగా ఉంది. ముదురు నీలం నలుపులోకి కరిగే చోట వేలెడు వెడల్పున చారలు. ఫ్రేము కట్టించాక సముద్రం వైపు గదిలో కాగితం అలలు తిరిగింది. ఫైల్ తప్పా, కాగితం తప్పా?

సిరాబుడ్డి:
మూడూ వేర్వేరు జబ్బులండీ. ముందు చారల సంగతి.

8 బిట్ ఫైల్లో ఒక్కో రంగుకు 256 మెట్లే. మీ చీకటి భాగం 10 నుంచి 40 లోపు నడుస్తోందనుకోండి, ఉన్నవి 30 మెట్లు. వాటిని 12 అంగుళాల మేర పరిస్తే ఒక్కో మెట్టు సెంటీమీటరు వస్తుంది. మీకు కనిపిస్తున్న చార అదే. గీయడం మొదలుపెట్టేటప్పుడే 16 బిట్ పెట్టుకోవాలి. అయిపోయిన 8 బిట్ ఫైల్‌ని తర్వాత 16కి మార్చినా పోయిన మెట్లు తిరిగి రావు. దానికి 1–2 శాతం నలుపు తెలుపు నాయిస్ (ఇసుక గింజల్లాంటి సన్నటి చుక్కలు) చల్లితే చార విరుగుతుంది. 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఆ గింజ కంటికి ఆనదు. ఫైల్ 3600×5400 పిక్సెళ్ల టిఫ్‌గా (నాణ్యత తగ్గించని ఫైల్ రకం) ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా మాత్రం పంపకండి, కుదించి పారేస్తుంది.

నెమలికంఠం మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నెబ్యులాల్లో ఆ రంగునిచ్చే ఆక్సిజన్ వెలుగు 500.7 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అంత స్వచ్ఛమైన రంగు మామూలు తెరల రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీలోనే కాదు, అంతకన్నా విశాలమైన అడోబ్ ఆర్‌జీబీలో కూడా ఇమడదు. నాలుగు రంగుల టోనర్ ఇంకా వెనకబడుతుంది. ప్రింటర్ ప్రొఫైల్ (ఆ ప్రింటరు రంగులు ఎలా వేస్తుందో చెప్పే ఫైల్) అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే పద్ధతిలో చూడండి. ఆ రంగును బలవంతంగా పెంచే బదులు, పక్కన ఇటుక రంగో తుప్పు రంగో పెట్టండి. కన్ను మిగతాది పూరిస్తుంది.

తెర వెలుతురు కూడా తగ్గించాలి. చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గర ఉంచితే కాగితానికి దగ్గరగా కనిపిస్తుంది.

లాసన్స్‌బే_నీలం:
మరి నలుపు? బెరైటా కాగితం (బేరియం సల్ఫేట్ పూతతో మెరిసేది) తీసుకోమంటున్నారు.

సిరాబుడ్డి:
నలుపు ఒక్కటే చూస్తే బెరైటాదే పైచేయి. మ్యాట్ (మెరుపు లేని) కాటన్ కాగితం మీద నలుపు సాంద్రత (వెనక్కొచ్చే వెలుతురు ఎంత తక్కువో చెప్పే లాగరిథమ్ కొలత) సుమారు 1.6–1.7, బెరైటా మీద 2.3 దాకా వస్తుంది. అంటే బెరైటా నలుపు వెనక్కి పంపే వెలుతురు మ్యాట్‌తో పోలిస్తే నాలుగో వంతే. పిగ్మెంట్ ఇంక్‌జెట్ (సన్నటి రంగు పొడి కలిసిన ఇంకు చల్లే ప్రింటర్) ఉన్న చోట వేయించండి. ఏ నల్ల ఇంకు ఎక్కించారో అడగండి: బెరైటాకు ఫొటో బ్లాక్, మ్యాట్‌కు మ్యాట్ బ్లాక్. తారుమారైతే మ్యాట్ మీద నలుపు పాలిపోతుంది, బెరైటా మీద వేలు పెడితే ఊడొస్తుంది.

పెద్ద ప్రింటుకు డబ్బు పెట్టేముందు ఏ4 మీద 0, 4, 8 అలా 40 వరకు బూడిద గళ్లు వేయించండి. నలుపు నుంచి ఏ గడి విడిగా కనపడటం మొదలవుతుందో చూసి, మీ మసక వివరాలన్నీ దానిపైకి ఎత్తండి.

చెక్క_అద్దం:
సముద్రం వైపు కిటికీ ఉన్న గదికి బెరైటా వద్దు గురూ. దానిమీద మామూలు అద్దం కూడా పెడితే పగలంతా కిటికీయే కనపడుతుంది, ఆ నలుపంతా వృథా. అక్కడ మ్యాటే నయం. లేదా కిటికీకి ఎదురు గోడ వదిలేయండి.

అలలకు కారణం నాలుగు అంచులకూ టేపు వేయడం. విశాఖలో గాలి తేమ 70 శాతం దాటడం మామూలే. కాగితం తేమ పీల్చి సాగుతుంది, పక్కకి జరిగే దారి లేక పైకి లేస్తుంది. పై అంచున రెండే చోట్ల, జపనీస్ కాగితపు పట్టీలతో గోధుమ స్టార్చ్ జిగురు పెట్టి వేలాడదీయాలి. మైదా అంబలి పనికిరాదు, పురుగు పడుతుంది. మౌంట్ బోర్డు (ప్రింటు చుట్టూ వచ్చే అట్ట చట్రం) ప్రింటు అంచుల మీదికి 3–4 మిల్లీమీటర్లు రావాలి, అద్దం ప్రింటుకు తగలకూడదు. తగిలితే చెమ్మకు అతుక్కుపోయి, విడదీస్తే ఇంకు అద్దంతో వచ్చేస్తుంది.

వెనక హార్డుబోర్డు, పీవీసీ సన్‌బోర్డు వద్దు; మడతల ప్లాస్టిక్ సన్‌ప్యాక్ షీటు పెట్టించండి. కింది మూలలకు రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. హుక్కులు ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి. ఉప్పుగాలికి ఇనుపవి నిలవవు. ప్రింటు వచ్చాక కనీసం ఒక రోజు ఆరనిచ్చాకే ఫ్రేములో పెట్టాలి.

లాసన్స్‌బే_నీలం:
ఇంకొక్కటి. కొన్నింటికి అడుగున హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ ఫొటో పొరగా వాడాను. కింద "అసలైన నెబ్యులా రంగులు" అని రాయొచ్చా?

తారాపథం_వైజాగ్:
రాయకండి. 1995లో హబుల్ తీసిన ఈగిల్ నెబ్యులా స్తంభాల బొమ్మలో సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. నిజానికి హైడ్రోజన్ వెలుగు 656.3 నానోమీటర్లు, సల్ఫర్‌ది 672 చుట్టూ. కంటికి రెండూ ఎరుపే. విడివిడిగా చూపడానికి వేసిన రంగులవి. "హబుల్ రంగుల అమరిక ఆధారంగా" అంటే సరిపోతుంది. ఈసా (ఐరోపా అంతరిక్ష సంస్థ) హబుల్ సైట్ నుంచి తీసుకున్నదైతే సీసీ బై 4.0 లైసెన్సు. అమ్ముకోవచ్చు, కానీ అక్కడ ఇచ్చిన క్రెడిట్ రాసి, మార్పులు చేశామని చెప్పాలి. నాసా గుర్తు మాత్రం ప్రింటు మీద వేయకూడదు.

చెక్క_అద్దం:
గోడ మీద దీపం పసుపుపచ్చ 2700 కెల్విన్‌ది అయితే ఆ నీలాలన్నీ మళ్లీ చచ్చిపోతాయి. 4000 కెల్విన్, సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 పైన ఉన్నది తీసుకోండి. ఆ బూడిద గళ్ల ఏ4 కూడా ఆ దీపం కిందే చూడండి.