జనవరి సెలవులకు పిల్లలు, పెద్దవాళ్లతో: స్లైడ్లున్న రిసార్ట్ పార్కా, ఒడ్డునే ఉన్న మామూలు కారవాన్ పార్కా?

టార్నీట్_గోదారోడు:
అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్‌లో పడమటి వైపు, టార్నీట్‌లో ఉంటాం. డిసెంబరులో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. స్కూలు వేసవి సెలవులు (ఇక్కడ జనవరి అంటే వేసవే) అయిపోయేలోపు ఓ అయిదు రోజులు సముద్రం దగ్గర గడపాలని అనుకుంటున్నాం. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు.

ఇంట్లో అప్పుడే రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఆవిడ, పిల్లలు గ్రేట్ ఓషన్ రోడ్డు వైపు రిసార్ట్ లాంటి పార్కు కావాలంటున్నారు. వాటర్ స్లైడ్లు, జంపింగ్ పిల్లో (పిల్లలు ఎగిరే పెద్ద గాలి దిండు), వేడి నీళ్ల కొలను, క్యాబిన్‌లోనే బాత్రూమ్, కిచెన్ అన్నీ ఉండాలట. నాకేమో కారవాన్ (కారు వెనక తగిలించుకునే ఇల్లు లాంటి బండి) అద్దెకు తీసుకుని మార్నింగ్టన్ పెనిన్సులాలో రోజ్‌బడ్ దగ్గర ఒడ్డునే సైటు, అంటే దాన్ని నిలుపుకునే చోటు, తీసుకోవాలని ఉంది. నాన్న నాతోనే ఉన్నారు. పొద్దున లేవగానే నీళ్లు కనపడాలంటారాయన. క్యాబిన్‌కు రాత్రికి 400 డాలర్ల పైనే చెబుతున్నారు. కారవాన్ అద్దె కలుపుకున్నా సైటుకు అంత కాదు. డబ్బు సంగతి అలా ఉంచండి. మీరైతే దేనికి ఓటేస్తారు, ఎందుకు?

పాయింట్‌కుక్_పద్మ:
నేను మీ ఆవిడ పార్టీ. మగవాళ్లు ప్రకృతి ఒడి గురించి మాట్లాడేటప్పుడు ఆ ఒడిలో అంట్లెవరు తోముతారో కూడా చెప్పాలి. కారవాన్‌లో ఉండేది చిన్న గ్యాస్ స్టవ్, మడతపెట్టే బల్ల, సింకు పేరుతో ఓ గిన్నె. ఆరుగురికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, కూర, చారు, రాత్రికి మళ్లీ మొదలు. చాలాచోట్ల వాడిన నీళ్లు బయట పెట్టిన బకెట్‌లో పడతాయి. అది నిండగానే ఎవరో ఒకరు మోసుకెళ్లి పారబోయాలి.

ఇక టాయిలెట్ బ్లాకు. పగలు ఫర్వాలేదు. అర్ధరాత్రి పాప లేచిందంటే టార్చ్, చెప్పులు, స్వెటర్ వెతుక్కుని, అందరి టెంట్ల తాళ్లకు తట్టుకోకుండా నడిచి వెళ్లాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే రాత్రుళ్లు మంచినీళ్లు తాగడమే మానేస్తారు, చూస్తూ ఉండండి. చెంబు మాత్రం మర్చిపోకండి, అక్కడ పేపరు తప్ప ఇంకేమీ ఉండదు.

సెలవు మీ ఆవిడక్కూడా సెలవే కావాలి కదండీ. క్యాబిన్ తీసుకోండి.

గాలం_రాజు:
పద్మ గారూ, అంట్ల విషయంలో మీతో వాదన లేదు. మా ఇంట్లో అంట్లు నా డ్యూటీయే, కారవాన్‌లో అయినా సరే. నా బాధ వేరే. అంత డబ్బు పోసి సముద్రం దాకా వెళ్లి, పిల్లలు రోజంతా క్లోరిన్ నీళ్లలోనే ఉంటారు. బీచ్‌కి రమ్మంటే ఇంకో పది నిమిషాలంటారు. ఆ స్లైడ్లేవో మీ పక్కనున్న వెర్రిబీలోనే ఎక్కించొచ్చు.

రోజ్‌బడ్, రై దగ్గర పోర్ట్ ఫిలిప్ బే (అఖాతం) వైపు నీళ్లు చూశారా? ఆటు సమయంలో చాలా దూరం దాకా పెద్దవాళ్లకు మోకాళ్ల లోతు దాటదు. అడుగున ఇసుక మడతలు కనపడుతుంటాయి, చిన్న పీతలు పరుగెడుతుంటాయి. నాలుగేళ్ల పిల్లకి ఇంతకన్నా పెద్ద కొలను ఎక్కడ కడతారు? ఒడ్డు పొడవునా టీ ట్రీ పొదల మధ్య సైట్లుంటాయి. కౌన్సిల్ నడిపే ఫోర్‌షోర్ క్యాంపింగ్ అది, వేసవి సీజన్లోనే ఉంటుంది. తరాల తరబడి ఏటా అక్కడికే వచ్చే కుటుంబాలున్నాయి. రెండో రోజుకే పక్క సైటు పిల్లలు మీ టెంట్లో కూర్చుని పులిహోర తింటుంటారు. సొరెంటో నుంచి క్వీన్స్‌క్లిఫ్‌కి ఫెర్రీ ఎక్కితే నలభై నిమిషాల ప్రయాణం, నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఒక్క సలహా. మొదటి వరస సైటు కోసం ఎగబడకండి. మెల్‌బోర్న్ ఎండ సంగతి తెలిసిందే, మధ్యాహ్నం 38 డిగ్రీలున్నది నైరుతి గాలి తిరిగిందంటే గంటలో 20కి పడిపోతుంది. ఆ గాలికి ముందు వరస వాళ్ల ఆనింగ్‌లు (కారవాన్ పక్కన కట్టే గుడ్డ పందిళ్లు) ఎగిరిపోతుంటే రెండో వరసలో పొదల చాటున ఉన్నవాళ్లు టీ తాగుతూ చూస్తుంటారు.

సిడ్నీ_సుబ్బు:
మా వైపు రండి. జర్విస్ బే, హస్కిసన్. నీళ్లు ఇంకా బాగుంటాయి.

టార్నీట్_గోదారోడు:
సుబ్బు గారూ, పాప కారెక్కిన గంటకే ‘ఇంకెంతసేపు’ అంటుంది. సిడ్నీ వైపు ఇంకో ఏడాది చూద్దాం.

నల్గొండ_నరేష్:
అన్నా, మీరందరూ పార్కు గురించి కొట్లాడుతున్నారు. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి, పార్కు తర్వాత. ప్రకటనల్లో ‘బీచ్‌కి నేరుగా దారి’ అని రాస్తారు. ఆ దారి ఏ బీచ్‌కి పోతుందో, అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారో లేదో రాయరు.

2018 డిసెంబరులో న్యూ సౌత్ వేల్స్‌లో కాఫ్స్ హార్బర్ దగ్గర మూనీ బీచ్‌లో మన తెలంగాణ కుటుంబం వాళ్లు ముగ్గురు పోయారు. అక్కడ కూడా ఒడ్డునే కారవాన్ పార్కు ఉంది. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో ఫారెస్ట్ కేవ్స్ దగ్గర భారతీయ కుటుంబం వాళ్లే నలుగురు మునిగిపోయారు. రెండూ లైఫ్‌గార్డుల కాపలా లేని చోట్లే. ఈత రాకపోవడం ఒక్కటే కారణం అనుకోకండి. 1967లో ఈ దేశ ప్రధానమంత్రి హారొల్డ్ హోల్ట్ ఈత బాగా వచ్చిన మనిషి. పోర్ట్‌సీ దగ్గర చెవియట్ బీచ్‌లో దిగి, మళ్లీ కనపడలేదు. రాజు గారు చెప్పే రోజ్‌బడ్ ఉన్న పెనిన్సులా కొసనే ఆ చోటు.

బే వైపు నీళ్లు రాజు గారు చెప్పినట్టే ఉంటాయి, కాదనను. కానీ రై దగ్గర కారెక్కి పది నిమిషాలు అవతలి వైపు పోతే బ్యాక్ బీచ్ వస్తుంది, అది మహాసముద్రం. ఒక రోజు కాకపోతే ఒక రోజు ‘అటు కూడా చూసొద్దాం, ఫోటోలు బాగా వస్తాయంట’ అని ఎవరో ఒకరు అంటారు.

రిప్, అంటే మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహం, ఎట్లుంటదో పెద్దవాళ్లకి ఒడ్డున నిలబెట్టి చూపించండి. అలలు వరసగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక సందులో నురగ ఉండదు. నీళ్లు కొంచెం ముదురు రంగులో, నిదానంగా ఉన్నట్టు కనపడతాయి. కొత్తవాళ్లు అలలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకుపోతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే తోవ అదే. అందులో పడితే ఎదురీదొద్దు. తేలుతూ చెయ్యి పైకెత్తాలి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.

ఇంకోటి. మనవాళ్లకి ఎండ తగ్గినాక సాయంత్రం దిగడం అలవాటు. లైఫ్‌గార్డులు కాపలా ఉన్న చోటికి గుర్తుగా పెట్టే ఎరుపు పసుపు జెండాలు పీకేసి ఇంటికి పోయేది కూడా ఆ టైముకే. బీచ్‌సేఫ్ అని ఒక యాప్ ఉంది, ఏ బీచ్‌లో ఏ రోజు ఎప్పటిదాకా కాపలా ఉంటుందో అందులో చూసుకోవచ్చు. పార్కు బుక్ చేసే ముందే చూడండి.

పాయింట్‌కుక్_పద్మ:
నరేష్ గారూ, మీరు చెప్పిందంతా నా వాదనకే బలం. కొలనుకి కంచె ఉంటుంది, లోతు ఎంతో రాసి ఉంటుంది, అలలుండవు.

నల్గొండ_నరేష్:
కొలనుకి లైఫ్‌గార్డు ఉండడు అక్కా. చాలా పార్కుల్లో ‘మీ పిల్లల్ని మీరే చూసుకోవాలి’ అని బోర్డు పెట్టి వదిలేస్తారు. బీచ్‌లో భయం ఉంటుంది కాబట్టి అమ్మానాన్న నీళ్లలో పిల్లల పక్కనే నిలబడతారు. కొలను దగ్గర కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తారు. నాకు ఆ కుర్చీతోనే భయం.

పాయింట్‌కుక్_పద్మ:
ఆ మాట ఒప్పుకుంటాను. కుర్చీని గోదారోడు గారికి ఇవ్వకుండా ఉంటే సరిపోతుంది.

ప్రోమ్_పిచ్చోడు:
ఎవరూ విల్సన్స్ ప్రోమంటరీ ఊసే ఎత్తలేదేంటండీ? అక్కడ టైడల్ రివర్ అనే క్యాంపులో ఉండి చూడండి. నేషనల్ పార్కు లోపల ఉంటుంది, స్లైడూ లేదు, జంపింగ్ పిల్లో లేదు. సాయంత్రం అయ్యేసరికి వామ్‌బాట్లు (చిన్న ఎలుగుబంటి పిల్లల్లా ఉండే ఇక్కడి జంతువులు) మీ కుర్చీల మధ్య నుంచి గడ్డి మేస్తూ పోతాయి. నది నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. మురికి కాదు, చెట్ల నుంచి దిగే రంగు. చాలాచోట్ల లోతుండదు, పిల్లలు పొద్దంతా అందులోనే. స్క్వీకీ బీచ్‌లో నడుస్తుంటే ఇసుక కీచుమంటుంది, మీ బాబు అక్కణ్ణుంచి కదలడు.

ముందే చెబుతున్నా, ఎక్కువ సైట్లకు కరెంటు ఉండదు. క్రిస్మస్, జనవరి రోజులకు లాటరీ తీస్తారు, దానికి నెలల ముందే పేరివ్వాలి. తినేవి టెంట్లో పెట్టుకోకండి. వామ్‌బాట్‌కి వాసన తగిలితే జిప్పు తీయదు, గుడ్డే చింపుకుని వస్తుంది.

గాలం_రాజు:
టైడల్ రివర్ బాగుంటుంది, కానీ మొదటిసారే పెద్దవాళ్లతో కరెంటు లేకుండానా? బీపీ మాత్రల సంగతి ఫర్వాలేదు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఫ్రిజ్ కావాలి. దారి మూడు గంటలు, ఆసుపత్రి దగ్గర్లో ఉండదు.

నేషనల్ పార్కుల బుకింగ్ అంటే నాకు నమ్మకం పోయింది కూడా. 2024 డిసెంబరు నుంచి 2025 జూన్ దాకా విక్టోరియా ప్రభుత్వం పార్కుల్లో క్యాంపింగ్ ఉచితం చేసింది. ఊరికే వస్తోంది కదా అని ఒక్కొక్కరు నాలుగు చోట్ల బుక్ చేసి, వెళ్లడం మానేశారు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ నిండిపోయినట్టు, వెళ్లి చూస్తే సగం ఖాళీ.

ప్రోమ్_పిచ్చోడు:
ఆ ఉచితం అప్పుడే అయిపోయింది కదండీ. దాన్ని పట్టుకుని పార్కుని తిట్టడం ఎందుకు?

కరెంటు_మావయ్య:
వంట గురించి ఇంత చర్చ జరిగింది, ఆంపియర్ల గురించి ఎవరూ చెప్పలేదు. పవర్డ్ సైటు అంటే మీ సైటు పక్క స్తంభంలో 15 ఆంపియర్ల పాయింటు ఒకటి. లెక్క వేస్తే సుమారు 3,400 వాట్లు. ఇండక్షన్ స్టవ్ 2,000, కెటిల్ 2,000. ఈ రెండూ ఒకేసారి వేశారంటే బ్రేకర్ పడిపోయి కారవాన్ అంతా చీకటి. అమ్మగారు కుక్కర్‌లో అన్నం పడేసి, కోడలు టీకి నీళ్లు పెట్టి, పైన ఏసీ తిరుగుతుంటే అంతే సంగతులు. స్తంభం దగ్గరికి వెళ్లి స్విచ్ మళ్లీ వేయాలి. ఇంట్లో వాడే 10 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ తీగ పనికిరాదు, 15 ఆంపియర్లదే తీసుకెళ్లండి, దాని పిన్ను కాస్త వెడల్పుగా ఉంటుంది.

కామన్ కిచెన్‌లో బార్బెక్యూ ప్లేటు మీద అందరూ సాసేజ్‌లు కాలుస్తారు. పెద్దవాళ్లు శాకాహారులైతే మీ పెనం మీరు తీసుకెళ్లి దాని మీద పెట్టుకోండి. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు కట్టెల మంట అస్సలు పెట్టకూడదు. గ్యాస్ స్టవ్‌కి కూడా రూల్స్ ఉంటాయి, ఆ రోజు పార్కు ఆఫీసులో అడిగి వెలిగించండి.

పాయింట్‌కుక్_పద్మ:
మావయ్య గారూ, ‘కోడలు టీకి నీళ్లు పెట్టి’ దగ్గరే నా వాదనంతా ఉంది. 😄

టార్నీట్_గోదారోడు:
అందరికీ థాంక్స్. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. పద్మ గారి పోస్టు రెండుసార్లు చదివించింది.

ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. బే వైపే వెళ్తాం, సముద్రం వైపు వద్దు. నరేష్ గారి మాట నాన్నకి బాగా పట్టింది. ఉండటానికి ఎన్‌సూట్ సైటు చూస్తున్నాం. అంటే కారవాన్ సైటే, పక్కన మనకే సొంతంగా చిన్న బాత్రూమ్ గది ఉంటుంది. అది దొరక్కపోతే అమ్మానాన్నకి క్యాబిన్, మేం పక్కన కారవాన్‌లో. రెండు పూటలు బయట తిండి. మిగిలిన పూటలు వంట నాది, అంట్లు బాబువి, నాన్న పర్యవేక్షణ.

గాలం_రాజు:
క్యాబిన్, కారవాన్ రెండూ అంటే మొదట చెప్పిన 400 దాటిపోతుంది కదండీ. దానికన్నా ఫిబ్రవరి స్కూలు రోజుల్లో శుక్రవారం సాయంత్రం బయల్దేరండి, ధరలు సగానికి దగ్గరవుతాయి. జనవరిలో చాలా పార్కులు అయిదో ఏడో రాత్రులు తప్పనిసరి అంటాయి. అదీగాక పోయినేడు వచ్చినవాళ్లకే మొదటి అవకాశం.

పాయింట్‌కుక్_పద్మ:
ఫిబ్రవరిలో రెండు రోజుల కోసం కారవాన్ సర్దుకుని, విప్పుకుని, మళ్లీ సర్దుకోవడమా? నేను ఒప్పుకోను. జనవరికే వెళ్లండి.

నల్గొండ_నరేష్:
అన్నా, ఏ నెలైనా సరే. బుక్ చేసే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి మూడే మూడు అడగండి. కాపలా ఉండే బీచ్ ఎంత దూరం, ఎన్ని గంటల దాకా ఉంటారు, సైటు నుంచి టాయిలెట్ ఎన్ని అడుగులు. మనుషుల లెక్క కూడా సరిగ్గా చెప్పండి. చాలాచోట్ల ధర ఇద్దరికే వేస్తారు, మిగతావాళ్లకి తల లెక్కన అదనం.

కరెంటు_మావయ్య:
నాలుగోది కూడా అడగండి: స్తంభం సైటుకు ఏ వైపు ఉంది. తీగ ఎంత పొడవు కొనాలో దాన్నిబట్టే తేలుతుంది.