కాంటను అంటే మండలమా?

లలిత: చిన్నప్పుడు చదివిన ఫ్రెంచి అనువాద కథ ఒకటి పీకుతోంది. పల్లెటూరి నోటరీ ఒకాయన “మా కాంటను నుంచి జిల్లా సభకు నిలబడుతున్నా” అంటాడు. కింద చుక్క పెట్టి “కాంటను: మండలం” అని రాశారు. ఏ కథో తెలుసా? ఆ అర్థం సరైనదేనా?

శర్మ: మండలం ఎలా అవుతుందమ్మా? మండలానికి ఎంపీపీ ఉన్నాడు, ఎంపీడీఓ ఆఫీసుంది. కాంటనుకి సభా లేదు, బడ్జెట్టూ లేదు. 1790లో గీసిన గీత అది. చిన్న తగాదాలు తీర్చే జడ్జి ఒకడుండేవాడు, 1958లో అదీ పోయింది. పాలనంతా లోపలి కొమ్యూన్లది, అంటే మన పంచాయతీల్లాంటి ఊళ్లది, ఎవరి మేయరు వాళ్లకే.

ఖాదర్: అయితే అచ్చం మన జడ్పీటీసీ స్థానం. “ప్రాదేశిక నియోజకవర్గం” అనాలి.

శర్మ: 2015కి ముందైతే సరే. అప్పట్నుంచి ఒక ఆడ, ఒక మగ జంటగా నిలబడాలి, ఓటు జంటకే. మన జడ్పీటీసీకి జోడీ ఏదీ?

సుబ్బు: లోజేర్ జిల్లాలో 25 కాంటన్లు ఆ దెబ్బతో 13 అయ్యాయి. సభ్యులు మాత్రం 26! నోటరీ ఒక్కడే నిలబడ్డాడంటే పాత కథే.

రమణ: ముందు ఉచ్చారణ చూడండి. చివర నకారం పలకరు. కఁతోఁ. మనం బడిలోంచి తరిమేసిన అరసున్న అక్కడ హాయిగా బతుకుతోంది.

శర్మ: తకారం ఒప్పుకుంటా. అరసున్నలు రెండెందుకు?

జానకి: ఆ మాటకు అసలర్థం “మూల”. కోనసీమలో కోన కూడా “కోణ”మే అంటారుగా. నన్నడిగితే “సీమ” అని అనువదిస్తా.

రమణ: కోనసీమ దాకా వచ్చారు, గౌతమి దాటి యానాం రండి. 1880 డిక్రీతో అక్కడా కొమ్యూన్, మేయరు వచ్చారు. అప్పటికి చెళ్లపిళ్ల వారికి పదేళ్లు నిండలేదు. తర్వాత ఆ ఊళ్లోనే పెరిగారు. ఫ్రెంచి జెండా కింద తయారైన అవధాని!

శర్మ: పుట్టింది కడియంలో.

సుబ్బు: తిరుపతిశాస్త్రి గారిని ఎప్పుడూ వదిలేస్తారేం?

ఖాదర్: లలిత గారూ, నోటరీ మేయరు కూడానా? అక్కడ మేయరుని కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, మన సర్పంచిలా జనం కాదు. కథలో ఆ ఎన్నిక ఉంటే పోల్చుకోవచ్చు.

లలిత: నోటరీ, ఆయన గుర్రబ్బండి. అంతే గుర్తుంది.

రమణ: తిరుపతి కవుల సంగతికి వేరే పోస్టు పెట్టండి, అక్కడికీ వస్తా. శర్మ గారూ, రెండో అరసున్న ఒప్పుకున్నట్టేనా?