ఖిలా వరంగల్ లోపలి ఊరిని ఖాళీ చేయించాలా, వద్దా?

బెజవాడ_బాటసారి:
మొన్న ఆదివారం ఫ్యామిలీతో వరంగల్ కోటకి వెళ్ళొచ్చామండి. రాతి తోరణాల కింద నిలబడి పైకి చూస్తే, ఆ కొసన చెక్కిన హంసలు చూస్తే నోట మాట రాలేదు. కానీ అక్కడిదాకా వచ్చే దారి మాత్రం చాలా బాధనిపించింది. రాతికోట దర్వాజా దాటగానే కిరాణా కొట్లు, బర్రెలు, ఇంటి ముందు ఆరబోసిన మిర్చి, బైకులు. కాకతీయుల రాజధాని అని పిల్లలకి దారంతా కథలు చెప్పుకుంటూ తీసుకెళ్ళాను, వాళ్ళేమో నాన్నా కోట ఎక్కడ అని అడుగుతున్నారు. అక్కడ ఉండేవాళ్ళకి మంచి నష్టపరిహారం, బయట ఇళ్ళు ఇచ్చేసి, లోపలంతా హంపీలాగా శుభ్రంగా ఉంచాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

శాసనాల_పిచ్చి:
నాదీ అదే మాట. ఆ నేల కింద ఏముందో మనకి పూర్తిగా తెలీదు, తెలుసుకునేలోపే పైన స్లాబులు పడిపోతున్నాయి. ఒకసారి కాంక్రీటు పోశాక ఇక తవ్వేదేముంది?

ఓరుగల్లు_పోరి:
అన్నా, మాది ఖిలా వరంగలే. మా అమ్మమ్మ ఇల్లు తోరణాల కాడికి నడిచిపోయేంత దూరంలనే ఉంటది. అందుకే ఇది చదివినంక ఊకోబుద్ధి కాలే.

హంపీ పేరు తీసిండ్రు కదా. విరూపాక్ష గుడి ముందటి బజార్ల, పాత రాతి మండపాలల్ల ఎన్నో ఏండ్ల సంది బతుకుతున్నోళ్ళ ఇండ్లు, దుకాణాలు 2011 జులైల కూలగొట్టిన్రు. నేను తర్వాత పోయిన. చూడనీకి సాఫుగనే ఉంది, కానీ పొద్దుగూకినంక ఆ మండపాలల్ల దీపం పెట్టే మనిషి లేడు. బజారంటేనే మనుషులు కదా అన్నా.

మన కోట గూడ అంతే. గణపతిదేవుడు మొదలువెట్టిన రాతిగోడను రుద్రమదేవి పూర్తి చేసింది, 45 బురుజులు, దాని బయట మట్టికోట, కందకాలు. రాజు ఒక్కడు ఉండనీకి ఇంత గోడ ఎవరన్న కడతరా? లోపల ఊరుంది కాబట్టే కట్టిన్రు. కోట నడుమ ఉన్న స్వయంభూ శివుని గుడి మా ఇండ్ల వల్ల పోలేదు, 1323ల ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుఘ్ ఖాన్ ఫౌజు ఓరుగల్లును గెలిచినంక పోయింది, నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మిగిలినయి.

దర్వాజల అడుగువెట్టంగనే తొవ్వ అడ్డం తిరుగుతది, గమనించిన్రా? శత్రువు ఏనుగులు ఒక్క ఉరుకున లోపటికి రాకుండ కట్టిన మలుపు అది. ఇయ్యాలటికి గూడ మా ఆటోలు ఆడ ఆగి, హారన్ కొట్టి, ఎదురుంగ ఎవ్వరు లేరంటేనే కదులుతయి. నేను సైకిల్ నేర్చుకున్నది ఆ మలుపులనే, గోడకు తగులుతనేమో అని చెయ్యి చాపితే సున్నం లేకుండ పేర్చిన ఆ రాళ్ళు నున్నగ, సల్లగ తగిలేటియి. కోట ఎక్కడ అని పిల్లలు అడిగినప్పుడు మీరు ఆ కోటలోపటనే ఉన్నరన్నా.

రూల్స్ లేవా అంటే ఉన్నయి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగ కట్టొద్దు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లదాక పర్మిషన్ కావాలె. మంచిదే, కాదంటలేను. కానీ అమ్మమ్మ ఇంటికప్పు కూలితే బాగుచేసుకోనీకి కాగితం చేతికొచ్చేసరికి రెండు వానకాలాలు పోయినయి. రెండేండ్లు టార్పాలిన్ కింద వండుకున్నది ముసలామె. ఆ బాధ ఎవ్వరు రాయరు.

హన్మకొండ_చౌరస్తా:
ఒక్క మాట కలుపుతా. వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం 2006లో విప్పితే మళ్ళీ తెరిచింది 2024లో. పని బాగా చేశారు, ఒప్పుకుంటా, కానీ ఒక్క మండపానికే అన్నేళ్ళు పట్టింది. ఇక ఊరు ఊరంతా ఖాళీ చేయించి తవ్వేదెప్పుడు? అప్పటిదాకా అక్కడ సర్కారు తుమ్మ మొలుస్తది, ఇప్పుడు మట్టికోట మీద మొలిచినట్టే.

శాసనాల_పిచ్చి:
అమ్మమ్మగారి సంగతి చదివి మనసు కష్టమైంది, నిజంగా. అయినా నా మాట మారలేదు. మనుషులకి ఇంకోచోట ఇల్లు కట్టివ్వొచ్చు, రుద్రమదేవి కట్టిన గోడని ఇంకోచోట కట్టలేం కదా. అందర్నీ వద్దు, కనీసం తోరణాల చుట్టుపక్కల, గోడకి ఆనించి కట్టినవాళ్ళనైనా, అది కూడా ముందు ఇల్లు చేతికిచ్చాకే.

ఓరుగల్లు_పోరి:
గోడకు ఆనించినయి తియ్యాలె, అది నేనూ ఒప్పుకుంట. ముందు ఇల్లు, తర్వాతనే కూల్చుడు. ఊరంతా అంటే మాత్రం ఒప్పుకోను.

బెజవాడ_బాటసారి:
అమ్మా, ఆ మలుపు దగ్గర మా కారు కూడా ఆగింది, ట్రాఫిక్ అనుకుని విసుక్కున్నాను. మేం లోపల ఉన్నది గంటన్నరే, గైడ్ తోరణాలు చూపించి పంపేశాడు. ఖుష్ మహల్ చూడనే లేదు. దసరా సెలవుల్లో పిల్లల్ని మళ్ళీ తీసుకొస్తా, ఎటు నుంచి మొదలుపెట్టాలి?

ఓరుగల్లు_పోరి:
తూర్పు దర్వాజ కాడ కారు ఆపి నడుసుకుంట రండి అన్నా, పొద్దుగాల్నే. పిల్లలను ఆ మలుపుల గోడకు చెయ్యి ఆనిచ్చి నడవమనండి.