ఆవకాయకి సోల కొలత గ్రాముల్లో ఎంత?

పుణె కోడలు:
అందరికీ నమస్కారం. ఈ ఏడు ఆవకాయ ఇక్కడే పెడుతున్నాను. అమ్మ చెప్పిన లెక్క: నాలుగు సోలల ముక్కలకి సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల ఉప్పు, సోలన్నర పప్పునూనె. సోల ఊళ్లో ఉండిపోయింది, నా దగ్గరున్నది డిజిటల్ కాటా. నెట్‌లో చూస్తే కప్పు అంటే ఒకచోట 240 గ్రాములు, ఇంకోచోట 125. ఏది నమ్మాలి? ఉప్పు గురించే నా టెన్షనంతా.

రవి_విశాఖ:
240 అన్నది మిల్లీలీటర్లండి. నీళ్లకైతే గ్రాములూ అంతే. అదే కప్పులో మైదా 125 దగ్గర, పంచదార 200 దగ్గర తూగుతాయి. పైగా అన్ని కప్పులూ ఒకటి కావు. రైస్ కుక్కర్‌తో ఇచ్చేది 180 మిల్లీలీటర్లే.

తెనాలి పిన్ని:
అమ్మాయీ, సోల లేదని బెంగ వద్దు. మీ అమ్మ చెప్పింది పాళ్లు. ముక్కలు కొలిచిన గిన్నెతోనే కారం, ఆవపిండి కూడా కొలిస్తే అది సోలైనా స్టీలు గ్లాసైనా ఒకటే. ఊరూరికీ సోల మారుతుంది కాబట్టి ఇంకొకరి సోల లెక్క నీకు పనికిరాదు కూడా.

గ్రాములు కావాలంటే గిన్నెని కాటా మీద పెట్టి సున్నా చెయ్యి. ఒక్కో దినుసు నింపి, అంచుకి సమంగా చేత్తో తీసేసి, బరువు రాసుకో. మా ఇత్తడి సోలలో నీళ్లు 360 గ్రాములు పడతాయి, కారం మాత్రం 180 దగ్గరే ఆగుతుంది. ఆవపిండి అప్పుడే జల్లించిందైతే పొంగి ఉంటుంది, డబ్బాలో అణిగిందైతే అదే సోలకి ఎక్కువ తూగుతుంది. అందుకే పిండిని కుదించి నొక్కకూడదు.

ఇక ఉప్పు. నువ్వు భయపడటం న్యాయమే. మీ అమ్మ లెక్క ఎండబెట్టి దంచిన కళ్లుప్పుది అయ్యుంటుంది, ఒకసారి అడుగు. మా సోలకి బరకగా దంచిన కళ్లుప్పు 330 గ్రాములు వస్తే, ప్యాకెట్లో మెత్తటి ఉప్పు 430 దాకా వస్తుంది. పలుకుల మధ్య గాలి ఉంటుంది, మెత్తనిదాంట్లో అంత ఉండదు. ముప్పావు సోలంటే ఒకటి 250, ఇంకోటి 320 పైన! ముక్కలు కిలో కూడా ఉండవు కదా, ఆ 70 గ్రాములకే ఆవకాయ నోట పెట్టలేం. ఉప్పు ఒక్కటీ ఎప్పుడూ తూచే వెయ్యి. బరువు సమానమైతే బరకా మెత్తనా అన్న పేచీ ఉండదు.

పుణె కోడలు:
పిన్నిగారూ, చాలా థాంక్స్. అమ్మని అడిగాను, కళ్లుప్పేనట! మరి నూనె కూడా తూచాలా?

తెనాలి పిన్ని:
నూనె కొలిస్తే చాలు. తూచేట్టయితే నీళ్ల కంటే తేలికని గుర్తుంచుకో, లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడు. సోలన్నరా ఒకేసారి పొయ్యకు, సగం ఉంచుకుని మూడోనాడు తిరగకలిపేటప్పుడు పొయ్యి. ఉప్పూ ఓ రెండు చెంచాలు పక్కన పెట్టుకుని, ఆరోజు ఊట నాలిక మీద వేసుకుని చూశాక కలుపు. ముక్కలు తడి లేకుండా తుడిచావా?