ఉగాది బృందగానం: ఎవరు నడిపిస్తారు, ఎవరి పని ఏమిటి

సాంస్కృతిక కార్యదర్శి
అందరికీ నమస్కారమండి. పరాభవ ఉగాది 2026 మార్చి 19, గురువారం. వేడుక మాత్రం 28, శనివారం. బృందగానానికి 12 నిమిషాలు కేటాయించాం. పేర్లు ఇచ్చినవాళ్లు 20 మంది: సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) 6, ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) 6, టెనార్ (మగవాళ్ల పై గొంతు) 4, బేస్ (మగవాళ్ల కింది గొంతు) 4. జనవరి 11 నుంచి మార్చి 22 దాకా 11 ఆదివారాలున్నాయి. ఫిబ్రవరి 15 మహాశివరాత్రి, ఆ రోజు ఎవరొస్తారు? పది రిహార్సల్సే అనుకోండి. ఎవరి బాధ్యత ఎంతవరకో ఈ వారమే తేల్చేద్దాం.

కండక్టర్
బాగా పాడే ఒకరిని ముందు నిలబెట్టి మైకు చేతికిస్తే మిగతా పందొమ్మిది మందీ వంత పాడేవాళ్లయిపోతారు. భజనకు అది చాలు. నాలుగు గొంతులు నాలుగు వరుసలు పాడాలంటే కుదరదు. అందుకే నేను పాడను, వింటాను. శృతి ఇవ్వడం పియానో వారి పని, నేను ఇవ్వను.

ఒక్కో గొంతుకు ఒక లీడర్ ఉండాలి. వాళ్లు తమ వరుసను రిహార్సల్‌కు ముందే కంఠస్థం చేసుకు రావాలి. మొదటి అరగంట తమవాళ్లతో వేరే గదిలో పాడించాలి, ఊపిరి ఎక్కడ తీయాలో అందరి కాగితాల మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టించాలి. స్టేజీ మీద లీడర్ వరుస చివర కాకుండా మధ్యలో నిలబడితే రెండు పక్కలకూ వినిపిస్తుంది. టెనార్ లీడర్‌ను చూసి ఎంచండి. మన మగవాళ్లు తెలిసిన పాట చెవిన పడగానే సొంత వరుస వదిలేసి అసలు పాటలోకి జారిపోతారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ (1925–1988) మద్రాస్ యూత్ క్వయర్‌తో ఎన్నో భాషల పాటలు ఇలాగే పాడించారు.

ఆల్టో లీడర్
అన్నయ్యా, శృతి సంగతేంటి? మా ఆడవాళ్లలో సగం మందికి ఐదున్నర (కీబోర్డు మీద జి షార్ప్) అలవాటు. మగవాళ్లేమో ఒకటి అంటున్నారు.

కండక్టర్
ఒకటికే, అంటే సి కే, ఖాయం చేద్దాం అక్కా. మగవాళ్లు కింది స్థాయిలో, మీరు సరిగ్గా ఒక స్థాయి పైన పాడతారు. మంద్ర పంచమం నుంచి తార గాంధారం లోపల తిరిగే పాటలైతే ఇద్దరికీ అందుతాయి. చిక్కల్లా ఏమిటంటే, మీ అలవాటు షడ్జం కన్నా ఇది కీబోర్డు మీద నాలుగు మెట్లు ఎక్కువ. ఛాతీ గొంతుతోనే తార షడ్జానికి ఎక్కాలని చూస్తే అది అరుపవుతుంది, పది నిమిషాల్లో గొంతు పట్టేస్తుంది. మొదటి మూడు వారాలూ తార పంచమం దగ్గర మెత్తగా ‘ఊ’ అని మొదలుపెట్టి కిందికి జారడం పది నిమిషాలు చేయించండి. ఆల్టో వరుస మధ్య స్థాయి ధైవతం దాటకుండా రాయిస్తాను.

పియానో
మూడు పాటలు అనుకున్నాం కదా. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరంతో మొదలుపెడదాం. శంకరాభరణం, గమకాలు (స్వరాన్ని ఊపడం) లేవు, ఇంగ్లీషు బ్యాండు వరుస. ఇక్కడ బ్రిటన్‌లో పుట్టిన పిల్లలు మొదటి రోజే అందుకుంటారు.

రెండోది మోహన రాగ కీర్తన. దానికి హార్మొనీ (తోడు వరుసలు) రాసేటప్పుడు జాగ్రత్త. మోహనంలో మ, ని లేవు. అలవాటు కొద్దీ ఎఫ్, జి కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) నిండుగా వేస్తే ఆ రెండూ దొంగతనంగా వచ్చేస్తాయి, రాగం కాస్తా పోతుంది. బేస్‌వాళ్లు స, ప మీద నిలబడితే చాలు. గమకం ఒక్క సోప్రానోలకే. నాలుగు గొంతులూ ఊగితే వినేది బురదే.

ఇంకోటి: ఎలక్ట్రానిక్ తంబూరను కీబోర్డుతో, ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్ లెక్కన, ముందే సరిచూసుకోవాలి. తంబూరలో పలికే అంతర గాంధారం కీబోర్డు గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు (కీబోర్డు మెట్టులో నూరోవంతు ఒక సెంటు) తక్కువ. తంబూర మోగుతుండగా నేను ‘గ’ పట్టి ఉంచితే రెండూ కొట్టుకుంటాయి. కాబట్టి అక్కడ కీబోర్డు మీంచి చెయ్యి ఎత్తేస్తాను.

కండక్టర్
మూడోది గురజాడ పాట. దీనికి నాలుగు దెబ్బల తాళం వేస్తే నాశనమే. దాని ఛందస్సు ముత్యాలసరం, నడక 3+4 మాత్రలు. దేశ / మునుప్రే / మించు / మన్నా. మాట ఒకచోట తెగుతుంది, దెబ్బ ఇంకోచోట పడుతుంది. నా చెయ్యి పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ అని వెళ్తుంది. పాడేవాళ్లు ‘ప్రే’ మీద నొక్కకూడదు. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ దగ్గర చివర రెండు మాత్రలు ఖాళీ. ఊపిరి అక్కడే తీయాలి. ఉత్సాహం ఆపుకోలేక ఆ రెండు మాత్రలూ మింగేసి తరువాతి చరణం ఎత్తుకోవడమే ఈ పాటలో ఎప్పుడూ జరిగే తప్పు. నలుగురు లీడర్లూ తల ఎత్తి నా చెయ్యి చూడకపోతే మాత్రం నేనేం చేయలేను.

ప్రతుల బాధ్యత
పిల్లలకు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) వచ్చు, తెలుగు చదవలేరు. పెద్దలకు స్వరాలొచ్చు, స్టాఫ్ రాదు. రెండు రకాలూ అచ్చేస్తాను, సాహిత్యం తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ. రెండింట్లోనూ బార్ (స్టాఫ్‌లో తాళం గడి) నంబర్లు ఒకటే ఉంటాయి. ఆవర్తనాల లెక్క ఒకరు, బార్ల లెక్క ఒకరు పట్టుకుంటే ‘17 నుంచి’ అనగానే సగం మంది ఎక్కడికో పోతారు. 20 మందికి 24 సెట్లు; నాలుగు మర్చిపోయి వచ్చేవాళ్లకు.

గురజాడ 1915లో పోయారు, సాహిత్యానికి ఇబ్బంది లేదు. వరుస మాత్రం సినిమాలదో రికార్డులదో తీసుకోవద్దు, పియానో వారిదే వాడదాం. కృష్ణశాస్త్రి గారి పాట కావాలని ఎవరో అడిగారు. ఆయన 1980లో పోయారు, భారత చట్టం ప్రకారం 2040 చివరిదాకా హక్కులున్నాయి. అనుమతి లేకుండా పెట్టుకోవద్దు. హాలుకు పీఆర్‌ఎస్ (బ్రిటన్‌లో పాటల ప్రదర్శన హక్కులు చూసే సంస్థ) లైసెన్సు ఉందో లేదో కార్యదర్శి గారు రాతపూర్వకంగా అడగండి.

సౌండ్
తలా ఒక చేతి మైకు ఇవ్వను, ముందే చెప్తున్నా. రెండు కండెన్సర్ మైకులు, ముందు వరుసకు సుమారు మీటరు దూరంలో, వెనక వరుస తలలకన్నా కాస్త ఎత్తులో. మైకుల మధ్య మూడు మీటర్లకు తగ్గకూడదు, తగ్గితే శబ్దం డొల్లగా వస్తుంది. మానిటర్‌లో (పాడేవాళ్లకు వినిపించే స్పీకర్‌లో) తంబూర, కీబోర్డు మాత్రమే. గొంతులు పెడితే కుయ్యిమంటుంది. వెనక వరుసకు 40 సెంటీమీటర్ల మెట్టు కావాలి.

సాంస్కృతిక కార్యదర్శి
మెట్టు, లైసెన్సు సంగతి నేను చూస్తాను. టెనార్ లీడర్ ఇంకా తేలలేదు. బాబాయ్, మీరు బేస్ నుంచి మారతారా? గురువారం లోపు చెప్పండి.